చెరకు మిషన్ పేటెంటూ, ఇద్దరు తోడల్లుళ్లూ

కోవిడ్ తగ్గాక వచ్చిన రెండో వేసవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నా ఆఫీసు. నేను పేటెంట్ ఏజెంట్‌ని. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే దాని మీద హక్కు కోసం దరఖాస్తు తయారుచేసి వేయడం నా పని. అప్పుడప్పుడు, ఇంకొకరికి వచ్చేసిన హక్కును మళ్లీ పరీక్షించమని అడగడానికి కూడా మనుషులు వస్తారు. అమెరికాలో దాన్ని రీఎగ్జామినేషన్ అంటారు. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్న దారి పోస్ట్ గ్రాంట్ ఆపోజిషన్, అంటే పేటెంట్ ఇచ్చాక దానికి అభ్యంతరం చెప్పడం.

దానియేలు ఆ పని మీదే వచ్చాడు. తుర్కయంజాల్‌లో చెరకు రసం మిషన్లు తయారుచేసే షెడ్డు ఆయనది. కూర్చోగానే ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తీసిన ఫోటో. ఒకాయన ఫ్రేము కట్టించిన పేటెంట్ సర్టిఫికెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాస్టర్ గారు ఆయన తల మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తున్నారు.

"గీయన రాజరత్నం, నా సడ్డకుడు" అన్నాడు. తోడల్లుడన్న మాట. ఇద్దరూ అక్కాచెల్లెళ్లను చేసుకున్నారు. "గీ పేటెంట్ కొట్టేయించాలె మేడం."

ఇద్దరూ చాలా ఏళ్లు ఒకే షెడ్డులో పనిచేశారు. తర్వాత రాజరత్నం చంపాపేట్‌లో సొంతంగా పెట్టుకున్నాడు. చెరకు మిషన్‌లో రోలర్ల మధ్య వేళ్లు నలగడం తరచూ జరిగే ప్రమాదం. రాజరత్నం రోలర్ల ముందు ఒక పలక బిగించాడు. చెయ్యి దానికి తగిలితే రోలర్లు ఆగి, జానెడు వెనక్కి తిరుగుతాయి. దానికే పేటెంట్ వచ్చింది.

"ఆలోచన మీదా? మీ దగ్గర తీసుకున్నాడా?" అని అడిగాను.

"లేదు మేడం. అబద్ధం ఎందుకు చెప్పాలె."

"మీ ఆర్డర్లు పోయాయా?"

"కొన్ని పోయినయి. అసలు బాధ గది కాదు." ఫోన్ బల్ల మీద బోర్లించాడు. "బండోళ్లు చేతికి కట్టు కట్టుకొని వస్తే ఇద్దరం చూసినం. ఒక్క జాగల్నే నిలబడి చూసినం. వానికెట్ల వచ్చింది, నాకెందుకు రాలె? ఇంట్ల నా భార్య రూతమ్మ కూడా బావ, బావ అని మెచ్చుకుంటది. అన్నం తినబుద్ధి కాదు."

అంత నిజం చెప్పే కక్షిదారుడు అరుదు. అయితే అసూయ అనేది చట్టంలో ఉన్న అభ్యంతరాల్లో లేదని చెప్పాను. ఏం కావాలో వివరించాను. పేటెంట్ ఇచ్చినట్టు ప్రకటన వెలువడిన ఏడాదిలోపు వేయాలి. వేసేవాడు అదే వ్యాపారంలోనో, అదే రంగంలోనో ఉండి, దానితో నిజంగా సంబంధం ఉన్నవాడై ఉండాలి. సర్కారు ఫీజు కట్టాలి. మనిషి పేరు మీదైతే తక్కువ, పెద్ద కంపెనీ పేరు మీదైతే ఎక్కువ. తర్వాత విచారణలో మాట్లాడాలంటే దానికి మళ్లీ వేరే ఫీజు. అన్నిటికంటే ముఖ్యం ఆధారం. ఇదే పద్ధతి అంతకుముందే ఎక్కడో అచ్చయి ఉందని చూపించాలి. అన్నీ జతచేసి, ఒక కాపీ పేటెంట్ ఉన్నవాళ్లకు కూడా పంపాలి.

ఫీజు గురించి ఏమీ అడగలేదు. చివరి మాట దగ్గర ఆగాడు.

"కాపీ వానికి పోతదా? నా పేరుతోనా?"

"అవునండి. మీ పేరు, మీ సంతకం."

"వేరేటోళ్ల పేరు మీద వేస్తే?"

"మీ కోసం ఇంకొకరు సంతకం పెట్టడం కుదరదు. పెట్టినా నేను వేయను."

లేచి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా మళ్లీ వచ్చాడు.

"వెతుకు మేడం. ఏమన్న దొరికితే సంతకం పెడ్త."

వెతికాను. దొరికింది. ఏనాటిదో ఒక విదేశీ పేటెంట్‌లో, బట్టలు పిండే రోలర్ల ముందు సరిగ్గా అలాంటి పలకే ఉంది. చెయ్యి తగిలితే రోలర్లు ఆగుతాయి. రాజరత్నం క్లెయిమ్, అంటే ఇంతవరకు నాది అని ఆయన గీసుకున్న హద్దు, ఆ ఆగడాన్ని కూడా తనలో కలిపేసుకుంది. అభ్యంతరం న్యాయమైనదే. దానియేలు సంతకం పెట్టాడు. కలం గట్టిగా నొక్కిపెట్టి రాశాడు.

కాపీ చంపాపేట్‌కి చేరిన రోజు రూతమ్మ ఫోన్ చేసింది. "మేడం, మా అక్క మాట్లాడతలేదు. మా ఆయనకు మీరన్నా చెప్పకపోతిరి?" అంది.

రాజరత్నం జవాబు వచ్చింది. ముగ్గురు ఎగ్జామినర్ల బోర్డు రెండు వైపులా చదివి అభిప్రాయం ఇచ్చింది. తర్వాత విచారణ వీడియోలో జరిగింది. దానియేలు నా పక్కన కూర్చున్నాడు. తెర మీద ఒక గడిలో చెన్నై పేటెంట్ ఆఫీసు అధికారి, ఒక గడిలో రాజరత్నం, ఆయన ఏజెంటు. నేను మాట్లాడినంతసేపూ దానియేలు చూపు ఆ రెండో గడి మీదే ఉంది. రాజరత్నం ఒక్కసారే నోరు తెరిచాడు. "ఆగితే సరిపోదు సార్. ఇరుక్కున్న చెయ్యి బయటికి రావాలె. గందుకే వెనక్కి తిప్పిన" అన్నాడు.

దానియేలు మైకు ఆపమని సైగ చేసి నా వైపు వంగాడు. "కరెక్టే చెప్పిండు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

నిర్ణయం వచ్చింది. పేటెంట్ రద్దు కాలేదు. హద్దు తగ్గింది. ఆపడం ఎవరైనా వాడుకోవచ్చు. వెనక్కి తిప్పడం మాత్రం రాజరత్నానిది. కాయితం మీద మేం సగం గెలిచాం. నేను సంతోషంగానే ఫోన్ చేశాను.

"అంటే ఇంకా వాని పేరు మీదనే ఉన్నదా?" అన్నాడు.

"ఉందండి. కానీ ఆగే పలక మీరు కూడా పెట్టుకోవచ్చు."

"ఇగ వాడు పరీక్ష పాసైన పేటెంట్ అని చెప్పుకుంటడు" అని ఫోన్ పెట్టేశాడు. అది నిజం కూడా. రెండోసారి పరీక్షకు నిలిచిన పేటెంట్‌ను మళ్లీ కదిలించడం కష్టం. ఆయన ఖర్చుతోనే తోడల్లుడి హక్కు గట్టిపడింది.

మరుసటి ఎండాకాలం ఎల్బీ నగర్ మెట్రో దిగి బస్సుల వైపు నడుస్తుంటే చెరకు బండి దగ్గర దానియేలు కనిపించాడు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి ఇంకో గ్లాసు చెప్పాడు. మిషన్ రోలర్ల ముందు సన్నటి పలక ఉంది.

"మీదా?" అన్నాను.

"నాది కాదు, వానిది కాదు. ఊరు తెల్వనోడెవడో చేసి అగ్గువ రేటుకు అమ్ముతున్నడు. ఆగుడు ఒక్కటే. హద్దు తీసేసినం గదా, అందరు చేస్తున్నరు. మా ఇద్దరి ఆర్డర్లు గా కొత్తోనికే పోయినయి." చెప్తూ తాపీగా తాగుతున్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది.

"మరి దీనికి బాధ లేదా మీకు?"

గ్లాసు దించి ఆలోచించాడు. "లేదు మేడం. వాడెవడో నాకు తెల్వదు గదా."

బండతను ఇంకో చెరకు గడ రోలర్ల మధ్యకు నెట్టాడు. చేతులు రెండూ బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత ఇంకొకరి పేటెంట్ మీద అభ్యంతరం వేయాలని ఎవరొచ్చినా, గడువు, ఫీజు, ఆధారం తర్వాత సంగతి. ముందు ఒకటే అడుగుతున్నాను: "ఆయన మీకేమవుతారు?" ఏమీ కారని చెప్పినవాళ్లు ఇప్పటిదాకా తక్కువే.