ఆఖరి పాటలో ప్లేడే

అతను పోయాడన్న వార్త ఫోన్‌లోకి వచ్చినప్పుడు నేను నమ్మలేదు. నేను దేన్నీ ఒక పట్టాన నమ్మను. పాలవాడు పాలు పోస్తే నురగ అణిగేదాకా గిన్నె పక్కకు తీయను. బతికున్నవాళ్ల ఫొటోలకు దండలేసి గ్రూపుల్లో తిప్పే ఆకతాయిలు గోదావరిఖనిలో తక్కువేం లేరు. పైగా ముందురోజే నా చేతి నుంచి లైటు తీసుకుని బొగ్గుబాయిలో దిగిన మనిషి, షిఫ్టు దిగాక తిరిగి నా చేతికే ఇచ్చిన మనిషి. అందుకని "ఎవడ్రా గీ పాడు పని చేసింది? సిగ్గు లేదా?" అని అతని అభిమానుల గ్రూపులో కడిగేశాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. మామూలుగా నేనొకటంటే పదనే కుర్రాళ్లు నోరెత్తకపోయేసరికి తెలిసినవాళ్లకు ఫోన్ చేశాను.

నిజమే. పొద్దున డ్యూటీకి తయారవుతూ ఇంట్లోనే కూలబడ్డాడట. దవాఖానకు తీసుకెళ్లేసరికే గుండె ఆగిపోయిందన్నారు. నలభై కూడా నిండలేదు. పెళ్లి మాటెత్తితే నవ్వి తప్పించుకునేవాడు.

మా బొగ్గుబాయిల ఊళ్లో రాక్ బ్యాండ్ ఉందంటే బయటివాళ్లకు నవ్వులాట. ఉంది మరి. కాలేజీ ఫంక్షన్లలో, వినాయకుడి మండపాల దగ్గర, జైపూర్ పవర్ ప్లాంటు కాలనీలో వాయించారు. గోలేటి నుంచి కూడా పిలిచి తీసుకెళ్లేవారు. అందులో డ్రమ్స్ వాయించేదీ అతనే, పాటలు రాసేదీ అతనే. పగలు భూమి లోపల కప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పని, సాయంత్రం డ్రమ్స్. రాత్రంతా మూడో షిఫ్టు చేసి వచ్చి తండ్రి పగలు పడుకుంటే ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడుకోవడం మీద ఒక పాట రాశాడు. నేను మొదట విన్నది అదే. మా నాయన నిద్ర చెడుతుందని మా అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు. ఇతను మా ఇంట్లో ఏ మూలనో నక్కి అంతా విన్నాడా అనిపించింది. ఆ రోజు నుంచి నేను అతని మనిషినే. ఇంత వయసొచ్చి కుర్రాళ్ల బ్యాండ్ వెనక తిరుగుతున్నానని మా ఆయన ఆటపట్టిస్తే పట్టించుకోలేదు.

నా ఉద్యోగం లాంపు రూంలో. బాయి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. తిరిగి రాని లైటు ఉందంటే ఎవరో ఇంకా కిందే ఉన్నట్టు. "వచ్చిండు లే అక్కా, క్యాంటీన్ల ఉన్నడు" అని ఎవరైనా అంటే సరిపోదు, లైటు కంటికి కనపడాలి. నా అనుమానపు బుద్ధిలో సగం అక్కడ అబ్బిందే. అతను లైటు కోసం వచ్చినప్పుడు కిటికీ చెక్క మీద వేళ్లతో దరువేసేవాడు.

"ఏం తమ్మి, కొత్త పాటనా?" అనేదాన్ని.

"సప్పుడే వచ్చిందక్కా, మాటలింక రాలె. వచ్చినంక నీకే ముందుగాల చెప్త" అనేవాడు.

చెప్పేవాడు కూడా. ఊరంతా వినకముందే అతని మాటలు నేను వినేదాన్ని. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

అతను పోయాక ఊళ్లో అభిమానులు ఒక్కసారిగా పెరిగిపోయారు. చౌరస్తాలో ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో సంతాపం తెలిపేవాడి ఫొటో నిలువెత్తున ఉంటే పోయినవాడిది మూలన స్టాంపు బిళ్లంత ఉంది. అన్నే నా ప్రాణమని ఏడుస్తూ వీడియో పెట్టిన ఒకణ్ని, ఆ ప్రాణం రాసిన పాటల్లో ఒక్కటి పాడమంటే నీళ్లు నమిలాడు. ఏడ్చే ప్రతివాడినీ ఎగాదిగా చూడటమే నా పనైంది. ఎవడు దేనికోసం ఏడుస్తున్నాడో తేల్చుకోవడంలో పడి నాకు కన్నీటి చుక్క రాలేదు. అది నాకే వింతగా ఉండేది, కాస్త భయంగా కూడా ఉండేది.

పెద్దకర్మ కాకముందే బ్యాండులో పాట పాడే అబ్బాయి ఒక కొత్త పాట ఫోన్లలోకి వదిలాడు. అన్న రాసిన ఆఖరి పాట అని కింద రాశాడు. గ్రూపంతా ఏడుపు బొమ్మలే. తన చావు తనకు ముందే తెలిసి మనకోసం రాశాడని ఒకరు, కాదు, ఎవరో అమ్మాయి కోసం రాసుకున్నాడని ఇంకొకరు. లాంపు రూంలో రద్దీ తగ్గాక నేనూ చెవిలో పెట్టుకుని విన్నాను. పల్లవిలోనే నా చెవి తట్టుకుని ఆగింది.

"ప్లేడే వచ్చింది, ఇయ్యాల ఆటే ఆట
గేటు కాడ నిలబడ్డ, నువ్వే రాకపోతివి"

మా దగ్గర వారపు సెలవును ప్లేడే అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రోజు బాయి మామూలుగా నడవదు, అవసరమున్న కొద్దిమందినే డ్యూటీకి పిలుస్తారు. వెళ్లినవాళ్లకు రెండు రోజుల హాజరు, రెట్టింపు కూలి పడుతుంది. అందుకే దాని కోసం ఆఫీసు ముందు కొట్లాటలవుతాయి. ప్లేడే దొరికిందంటే ఆ ఇంట్లో మాంసం కూర, దొరకలేదంటే మూతి విరుపులు. బాయి మనిషికి ఆ మాట వినగానే గుర్తొచ్చేది డ్యూటీ. దాని పక్కన ఆట అనే మాట పెట్టాలన్న ఊహే రాదు. ఇంగ్లీషు ముక్కను రెండుగా విరిచి అర్థం చెప్పుకునే బయటివాడికే అది ఆటల రోజవుతుంది. ఆ బయటివాడెవరో నాకు వెంటనే తట్టింది.

పాట పాడే అబ్బాయిది మంథని. గుడి పూజారులు, బడి పంతుళ్లు ఉన్న ఇల్లు. గొంతు బంగారం, ఆ మాట కాదనను. కానీ ఒక్కనాడూ బాయి దిగినవాడు కాదు. పోయినవాడి పేరు పెట్టి తన పాట అమ్ముకుంటున్నాడని తీర్మానించుకున్నాను. "ఈ పాట తమ్మిది కాదు. ప్లేడే అంటే ఆటనా? బాయి బిడ్డలు చెప్పుండ్రి" అని గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి గ్రూపు రెండు ముక్కలైంది.

ఆ వచ్చే ఆదివారం కమ్యూనిటీ హాల్లో అతని సంస్మరణ సభ. చివర ఆ పాట పాడాలని బ్యాండువాళ్లు అనుకున్నారు. పాడితే అడ్డుకుంటామని మా వైపు కుర్రాళ్లు కాలు దువ్వుతున్నారు. నాకు కావలసింది గొడవ కాదు. పాట దొంగదైతే అతను రాయని మాటలు అతని చివరి మాటలుగా లోకంలో నిలిచిపోతాయి. నిజంగా అతనిదే అయి మేం ఆపేస్తే అతని చివరి మాటల నోరు మేమే నొక్కినవాళ్లమవుతాం. ఆ రెండోది జరిగే వీలుందని నేను అప్పుడు అనుకోలేదు.

సభకు రెండు రోజుల ముందు హాల్లో వైర్లు సర్దుతుంటే వెళ్లి ఆ అబ్బాయినే నిలదీశాను.

"నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదక్కా. తనే ఫోన్‌లో పాడి పంపించాడు" అన్నాడు.

"ఏది, వినిపియ్యి."

"ఆ ఫోన్ పాడైపోయింది. విని రాసుకున్న మాటలే మిగిలాయి."

"మంచి యాళ్లకే పాడైంది" అన్నాను.

అతని ముఖం కందిపోయింది. "నన్ను దొంగ అంటున్నారా?"

"నేననలె. నువ్వే అంటున్నవ్."

చేతిలోని వైరు చుట్టి పక్కన పెట్టాడు. "ఆ ప్లేడే సంగతి నాకూ అర్థం కాలేదక్కా. కలిసినప్పుడు అడుగుదామనుకున్నా. ఇంతలోనే ఇలా అయింది" అన్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. బాగానే నటిస్తున్నాడు అనుకున్నాను. చివరికి అతనే ఒక మాటన్నాడు. "వాళ్లమ్మగారిని అడగండి. ఆవిడ వద్దంటే పాడను." అందులోనూ నాకు మతలబే కనపడింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి కొడుకు పాట వద్దంటుందా? అయినా సరేనన్నాను. ఆమెకు విడమరిచి చెప్పగలనన్న ధైర్యం నాది.

మర్నాడు డ్యూటీ దిగి సెంటినరీ కాలనీలో వాళ్లింటికి ఆటోలో వెళ్లాను. ముందు గదిలో డ్రమ్స్ మీద దుప్పటి కప్పి ఉంది. తల్లి కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తండ్రి కుర్చీలో వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనా బాయి పని చేసినవాడే. ఒంట్లో బాగాలేక అన్‌ఫిట్ అయి దిగిపోయాకే ఆయన బదులు కొడుక్కు ఉద్యోగం వచ్చింది. ఏళ్ల తరబడి డ్రిల్లు మోత విని విని చెవులు దాదాపు పోయాయి. నేను దండం పెడితే తలూపి మళ్లీ వాకిలి వైపు తిరిగాడు.

"పాట విన్నవా అవ్వా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. వాని పేరు ఇంటేనే పాణం కొట్టుకుంటది. పాట ఎట్ల వింట?"

మంచిదే అనుకున్నాను. ఆమె మనసు ఇంకా ఎటూ మొగ్గలేదు. "అవ్వా, గా పాట మన తమ్మి రాసింది కాదు. పేరు వాడుకుంటుండ్రు. ఒక్క ముక్క చెప్త, నీకే ఎరుకైతది" అని ఆ రెండు లైన్లూ చదివాను. "చూసినవా? ప్లేడే అంటే ఆటనట. బాయి ఇంట్ల పుట్టినోడు గట్ల రాస్తడా?"

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"మల్లొక్కసారి చదువు."

చదివాను.

"గేటు కాడ అన్నడా?"

"అన్నడు. అంటే, గట్ల రాసిండ్రు అవ్వా."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. అంతసేపూ భర్త వీపు వైపే చూస్తూ చాలా మెల్లగా మాట్లాడింది.

"చిన్నగున్నప్పుడు బడిల సారు చెప్పిండట, ప్లే అంటే ఆట, డే అంటే దినమని. ఉరుక్కుంట ఇంటికచ్చిండు. అవ్వా, బాపుకు ఆదివారం ప్లేడేనట, నాతోని ఆడుతడు అని ఎగిరిండు. నేను పనిల ఉండి సరే తియ్యిరా అన్న. పొద్దుగాల్నే లేసి పోయి కాలనీ గేటు కాడ నిలబడ్డడు. వాళ్ల బాపు గా గేట్ల నుంచే డ్యూటీకి పోయిండు. పిలగాడు చెయ్యి పట్టుకుంటే, ఇయ్యాల ప్లేడేరా, జల్ది పోవాలె అని ఇడిపిచ్చుకొని పోయిండు."

"తర్వాత?"

"వచ్చే ఆదివారం గూడ నిలబడ్డడు. ఎన్ని ఆదివారాలు నిలబడ్డడో నాకు యాది లేదు. నలుగురు నవ్వుతరని నేను ఎవ్వరికి చెప్పలె బిడ్డా. ఈ మనిషికి గూడ చెప్పలె. పెద్దగైనంక మర్సిపోయిండనే అనుకున్న."

ఆమె ఎవరికీ చెప్పని సంగతి మంథని అబ్బాయికి తెలిసే దారి లేదు. ఆ మాట రాయగలిగినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, అతను పోయాడు. దొంగతనానికి రుజువని నేను అంత దూరం నుంచి మోసుకొచ్చిన తప్పు అతని చిన్నప్పటి తప్పు. పాటలో ఉన్న 'నువ్వు' ఎవరా అని ఊరంతా కొట్టుకున్నాం. తన కోసమేనని ప్రతివాడూ అనుకున్నాడు. అతని మాటలు అందరికన్నా ముందు వినేదాన్నని ఇన్నేళ్లు మురిసిపోయిన నాకు ఈ ఒక్క మాట అతను చెప్పలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. చున్నీ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆమె నా వీపు నిమిరింది, తల్లి ఆమెయితే ఓదార్పు నాకు.

"పాడమని చెప్పనా అవ్వా?" అని అడిగాను.

"పాడనియ్యి బిడ్డా. వాడు అడగాలనుకున్నది అడగనియ్యి."

నా ఏడుపు ఎలా తెలిసిందో, తండ్రి కుర్చీలో ఇటు తిరిగాడు. "ఏందే? ఏమంటుంది గా బిడ్డ?"

ఆమె లేచి వెళ్లి ఆయన చెవి దగ్గర వంగింది. పక్క క్వార్టరుకు కూడా వినపడేలా గట్టిగా చెప్పింది. "నీ కొడుకు పాట రాసిండు. ప్లేడే నాడు ఇంటికాడ ఉండు బాపు, ఆడుకుందాం అంటుండు."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నిజమా అని నాలాగా అడగలేదు. ఏ పాట, ఎప్పుడు రాశాడు అని కూడా అడగలేదు.

"ఇప్పుడు దినాం ఇంటికాడనే ఉంటున్న గదనే" అన్నాడు. "రమ్మను వాన్ని."