నయాపైసల నాటి టోపీ

పడుగూ పేకా లేనిదాన్ని మా ఇంట్లో గుడ్డగా లెక్కపెట్టరు. ఏ బట్ట చేతికొచ్చినా మావాళ్ళు ముందు అంచు దగ్గర ఒక పోగు లాగుతారు, తర్వాత దాన్ని వెలిగించి వాసన చూస్తారు. ఫెల్టు టోపీలో లాగడానికి పోగే ఉండదు. అది నేసింది కాదు. జంతువుల బొచ్చును ఆవిరిలో తడిపి, నొక్కి నొక్కి అట్టకట్టించింది. నేను టోపీలు పోగేస్తున్నానని తెలిసిన రోజు మా నాన్న, "నేతోళ్ళ ఇంట పుట్టి బొచ్చు ఏరుకుంటావేంటే?" అన్నాడు. ఏరుకుంటాను అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఏరుకుంటూనే ఉన్నాను.

విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. ఈ రెండూ చాలవన్నట్టు ఇంటినిండా టోపీలు. పక్కవాటావిడ మొదటిసారి నా ముందుగదిలోకి వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఆడవాళ్ళకి టోపీలెందుకండీ?" అంది. "మీ షోకేసులో పింగాణీ కుక్కలెందుకండీ?" అన్నాను. ఆ తర్వాత ఆవిడ మా ఇంటికి పెద్దగా రాలేదు, నేనూ బెంగపెట్టుకోలేదు.

ఈ ఊళ్ళో పాత టోపీలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. వెతికేవాళ్ళకు దొరుకుతాయి. మూతపడిన ఫొటో స్టూడియోల్లో దొరికాయి. కోటూ టోపీ వేసుకుని కుర్చీలో కూర్చున్న మీ తాతల ఫొటోల్లో సగానికి సగం టోపీలు స్టూడియోవే. రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర దొరికాయి. వన్ టౌన్లో పాత సామాన్ల కొట్లలో, ఇత్తడి బిందెల కింద నలిగి దొరికాయి.

టోపీ వయసు కనుక్కోవాలంటే ముందు తిరగేయాలి. లోపల నుదుటికి ఆనేచోట చుట్టూ ఒక తోలు పట్టీ ఉంటుంది. మనిషి చెమటంతా తాగేది అదే. దాన్ని మెల్లగా వెనక్కి మడిస్తే కొలత చీటీ, కొట్టువాడి ముద్ర, అదృష్టం బాగుంటే ధర కనిపిస్తాయి. ఆ తోలు అసలుదా, రెక్సినా చూడాలి. రిబ్బను నూలుదా, నైలానుదా చూడాలి. యుద్ధం రోజుల టోపీకి అంచు వెడల్పుగా ఉంటుంది, అరవైల వైపు వచ్చేకొద్దీ సన్నబడుతుంది. రిబ్బను ముడి ఎడమవైపుంటే మగవాళ్ళదని, కుడివైపుంటే ఆడవాళ్ళదని ఒక లెక్క. ఇవన్నీ విదేశాల్లో సేకరించేవాళ్ళు రాసుకున్న పట్టికలు. వాళ్ళ పట్టికల్లో కొబ్బరినూనెకు గడి లేదు. కృష్ణ ఒడ్డున నాలుగు వానాకాలాలు తిన్న టోపీ ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. అందుకని నా లెక్కలు నేను కట్టుకున్నాను.

కిందటేడు మా అన్నయ్య ఫోన్ చేశాడు. వన్ టౌన్లో మాకు ఎప్పటి నుంచో బట్టల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఇప్పుడు అన్నయ్య దాంతోపాటు బందరు రోడ్డు మీద ఏసీ షోరూమ్ తెరుస్తున్నాడు. పాత కొట్టు అటక దులుపుతుంటే ఒక ట్రంకుపెట్టెలో ఫెల్టు టోపీ దొరికిందట.

"తాతయ్యదే అయ్యుంటుంది. తెల్లదొర ఎవరో బహుమతిచ్చి ఉంటాడు. షోరూమ్‌లో అద్దాల పెట్టెలో పెట్టి పైన లైటు వేయిస్తున్నా. నువ్వు చూసి ఫలానా కాలందని ఒక కార్డు రాసియ్యి. నువ్వు రాస్తే జనం నమ్ముతారు" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో మా అన్నయ్య నా టోపీల గురించి ఎకసెక్కం లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. మర్నాడే వెళ్ళి టోపీ తెచ్చుకుని, కిటికీ పక్కన బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి కూర్చున్నాను.

బూడిదరంగు టోపీ, చౌకరకం ఊలు ఫెల్టు, సన్నంచు. అంచు చూడగానే అనుమానమొచ్చింది. తోలు పట్టీ వెనక్కి మడిస్తే ధర ముద్ర కనిపించింది. రూపాయల పక్కన అణాలు లేవు, నయాపైసలు ఉన్నాయి. మా తాత పోయింది అణాల కాలంలో. అప్పటికి మా నాన్న బళ్ళో అణాల లెక్కలు చేస్తున్నాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. యాభై ఏడులో నయాపైసలు వచ్చేనాటికి దొరలూ లేరు, తాతా లేడు.

టోపీ వెనకవైపు తోలు పట్టీతో సహా వేలెడు మేర చీలి ఉంది. ఎలుక కొరికిందని అన్నయ్య ముందే చెప్పాడు. ఎలుక కొరికినచోటు పళ్ళు పళ్ళుగా ఉంటుంది. ఇది బ్లేడుతో నిలువునా కోసిన కోత. పైగా కోత చుట్టూ సన్నటి నూలుతో కాజా కుట్టు ఉంది. అక్కడ నా చేయి ఆగిపోయింది. ఫెల్టు ఎక్కడ కోసినా పోగు ఊడదు, దానికి కాజాతో పనిలేదు. అయినా కుట్టారు. కోసిన ప్రతి గుడ్డకీ అంచు కట్టాలని చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన మనిషి తప్ప ఇంకెవరూ ఆ కుట్టు వేయరు. ఆ కోత దగ్గర తోలు మిగతాచోట్ల కన్నా నల్లగా, నూనె పట్టి ఉంది. నా చేయి దానంతటదే నా ముడి మీదికి వెళ్ళింది. జుట్టు ముడి వేసుకున్న మనిషి నెత్తిన టోపీ దిగాలంటే సరిగ్గా అక్కడే కోయాలి.

ఇంకొకటి మిగిలింది. టోపీ పైన తెల్లటి చుక్కలు, చిమ్మినట్టు. ముందు బూజనుకున్నాను. గోటితో ఒకటి గీకి, నీటిబొట్టులో వేసి, పాత రోజుల నుంచి ఇంట్లో పడి ఉన్న అయోడిన్ సీసా తీసి ఒక చుక్క వేశాను. ఈ పరీక్షను ఏటా పిల్లలకు బంగాళాదుంప ముక్క మీద చేసి చూపించేదాన్ని. చుక్క నీలంగా, ఆ తర్వాత నల్లగా మారింది. పిండిపదార్థం. గంజి.

మగ్గమెక్కే ముందు పడుగు పోగులకు గంజి పట్టించాలి. పడుగును వీధి పొడవునా చాచి కట్టి, కుంచెతో గంజి పూస్తూ అటూ ఇటూ నడుస్తారు. కుంచె విసురుకి తుంపర లేచి నెత్తిన పడుతుంది. మా తాత పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరు పిల్లలూ, మా నాయనమ్మాను. ఆ టోపీ మా నాయనమ్మది. మొగుడు పోయిన మనిషి, బందరు వైపు ఒక మగ్గాల ఊళ్ళో, నడివీధిలో, నెత్తిన ఫెల్టు టోపీతో పడుగుకి గంజి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే విపరీతమైన గర్వం వచ్చింది.

అయినా టోపీ ఒక్కటే చెబితే చాలదని, ఉయ్యూరు బస్సెక్కి మేనత్త దగ్గరికి వెళ్ళాను. మా నాన్నకి అక్క. ఎనభై దాటిన మనిషి. నాయనమ్మను నెత్తిన టోపీతో చూసి ఉండగలిగినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

"అత్తా, నాయనమ్మ టోపీ పెట్టుకునేదా?" అన్నాను.

అత్త కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఎవరు చెప్పారే నీకు?"

చేతిసంచిలోంచి టోపీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చాలాసేపు ముట్టుకోలేదు. ముట్టుకున్నాక వదల్లేదు.

"మా అమ్మకి ఎండ పడేది కాదే. పార్శ్వనొప్పి. కొంగు కప్పుకుంటే జారి గంజిలో పడేది. ఎక్కడ కొనుక్కొచ్చిందో, ఓ రోజు ఇది పెట్టుకుని వీధిలోకొచ్చింది. ఊరు ఊరంతా నవ్వారు. మొగుడు పోయినదానికి దొరసాని వేషమేంటన్నారు. అమ్మ విననట్టే నడిచేది. మీ నాన్న హైస్కూల్లో తోటి పిల్లల చేత మాటలు పడలేక ఏడ్చేవాడు. కొట్టు పెట్టాక వాడే దీన్ని ఎక్కడో దాచేశాడు."

"కొట్టు పెట్టింది తాత కాదా?"

"తాత ఎక్కడున్నాడే పెట్టడానికి? అమ్మే వన్ టౌన్లో గది తీసుకుంది. ఆడదాని పేరుంటే బేరానికి రారని బోర్డు మీద మా నాన్న పేరు రాయించింది."

బోర్డు మీద పేరు చూసి ఇన్నేళ్ళూ అందరం నమ్మేశాం. కాలం కట్టడం వచ్చిన నేనూ నమ్మాను, ఆ బోర్డును ఎప్పుడూ తిరగేసి చూడలేదు కాబట్టి. ఇప్పుడు మాత్రం ఊరుకునేది లేదని అత్తతో అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మాయ్. ఒకసారి నవ్వులపాలైంది చాలు. మా అమ్మ వీధిలో గంజి పెట్టిందని అంత పెద్ద షోరూమ్‌లో చెబుతావా?"

"అదే చెబుతానత్తా."

ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది. బస్సు దాకా మనవడిని తోడు పంపలేదు, మళ్ళీ రమ్మని అనలేదు. చెరుకు లారీల వెనక ఇరుక్కుని బస్సు ఆగుతూ సాగుతూ వస్తుంటే, నేను చేస్తున్నది మొండితనమేనా అని ఒక్కసారి అనుకున్నాను. మొండితనమే అయితే అది ఎవరి నుంచి వచ్చిందో కూడా ఇప్పుడు తెలుసు.

అన్నయ్యకి ఫోన్ చేసి అంతా చెప్పి, కార్డు రాయనన్నాను. ఒంటికాలి మీద లేచాడు.

"నాలుగేళ్ళు అటూ ఇటూ అయితే కొంప మునుగుతుందా?"

"ఏళ్ళు కాదన్నయ్యా, మనిషే మారిపోతోంది."

"సరే, ఆ టోపీ నువ్వే ఉంచుకో. నీ దగ్గరున్నవాటిల్లో దొరల కాలందేదో ఒకటియ్యి. పెట్టె చేయించేశాను."

"ఇవ్వను."

"ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుస్తుంది."

ఫోన్ పెట్టేశాడు. నాటకాల సామాను అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర ఒకటి పట్టుకొచ్చాడని తర్వాత వదిన చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించింది, కానీ చెప్పింది.

ప్రారంభోత్సవం రోజున మంగళగిరి చీర కట్టుకుని, ముడి కోతలోంచి వెనక్కి వచ్చేలా సర్దుకుని, నాయనమ్మ టోపీ పెట్టుకుని వెళ్ళాను. ఆటోవాడు అద్దంలో రెండుసార్లు చూశాడు. మూడోసారి చూస్తే, "రోడ్డు చూడు నాయనా" అన్నాను. షోరూమ్ ముందు సన్నాయి మోగుతోంది. లోపల పెట్టెలో పైలైటు కింద నాటకాల టోపీ మెరుస్తోంది. దాని రిబ్బనుకి స్టేప్లర్ పిన్ను కొట్టి ఉంది. కింద బంగారు అక్షరాల్లో తాత పేరు, దొర బహుమతి కథ. ఆ మూల సోఫాలో పట్టుచీర కట్టుకుని అత్త కూర్చుని ఉంది. నా నెత్తి వైపు చూసి తల దించుకుంది.

వచ్చినవాళ్ళలో ఒక బ్యాంకు మేనేజరుగారు పెట్టె దగ్గర ఫొటో తీసుకుని నా వైపు తిరిగారు. "మేడమ్, మీరు కూడా టోపీలో వచ్చారే! తాతగారి స్టైలా?" అని నవ్వారు.

"కాదండీ, మా నాయనమ్మది. ఆవిడ ఇది పెట్టుకుని వీధిలో పడుగులకి గంజి పెట్టింది. ఈ వ్యాపారం మొదలుపెట్టింది ఆవిడే. పెట్టెలో ఉన్నది అద్దె టోపీ" అన్నాను. గొంతు తగ్గించలేదు. చుట్టూ పదిమంది తిరిగి చూశారు.

అన్నయ్య పరుగున వచ్చి నవ్వు పులుముకున్నాడు. "మా చెల్లికి టోపీల పిచ్చండీ. ఏదో ఒక కథ అల్లుతుంటుంది."

మేనేజరుగారు ఎటూ తోచక సోఫా వైపు చూశారు. "పెద్దావిడ ఉన్నారుగా. ఏమ్మా, నిజమేనా?"

సన్నాయి కూడా అప్పుడే ఆగింది. అత్త కాదంటే నేను ఈ ఊళ్ళో పిచ్చిదాన్నే. అన్నయ్య ఆవిడ వైపు ఎలా చూశాడో నేను చూశాను. ఆవిడ చీర కొంగు సర్దుకుంది, ఇంకోసారి సర్దుకుంది.

"నిజమేనండీ" అంది. "ఆ వీధిలో చెట్టు కూడా లేదు. ఎండకి తల పగిలిపోయేది మా అమ్మకి."

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ దగ్గరికొచ్చి టోపీ వెనక కాజా కుట్టు వేలితో తడిమి చూసింది.

అందరూ భోజనాలకి వెళ్ళాక అన్నయ్య నన్ను బిల్లు కౌంటరు వెనక్కి పిలిచాడు. "ఇంతమందిలో పరువు తీశావు. అసలు నీకేం కావాలి? కొట్టులో వాటానా? అది చెప్పి చావు."

ఆడపిల్ల నోరు తెరిస్తే మా ఇళ్ళలో వినిపించే మొదటి మాట అదే. బాధేసింది. ఆ బాధను మింగకుండా అలాగే చెప్పాను. "వాటా నాకొద్దు. నాయనమ్మకియ్యి. ఆ అక్షరాలు పీకించి, ఇది నాయనమ్మ కొట్టని రాయించు. ఆడదాని పేరుంటే బేరానికి రారని ఆవిడ భయపడిన రోజులు వేరు. ఇవాళ నీ షోరూమ్‌కి వచ్చేదంతా ఆడవాళ్ళే. రాయించిన రోజు ఈ టోపీ నా చేతులతో నేనే తీసి ఆ పెట్టెలో పెడతాను. అప్పటిదాకా దీన్ని పెట్టుకునే వస్తాను."

"రాయించకపోతే?"

"వస్తూనే ఉంటాను."

ప్రతి శనివారం సాయంత్రం రద్దీగా ఉన్నప్పుడు వెళ్ళి గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటున్నాను. ఎవరు అడిగినా చెబుతున్నాను, చాలామందే అడుగుతున్నారు. ఉయ్యూరు నుంచి ఎప్పుడైనా అత్త కూడా వచ్చి నా పక్కన కూర్చుంటుంది. అన్నయ్య ఇంకా రాయించలేదు. నేనింకా తీయలేదు.