మెట్లెక్కే మరమనిషి

మొన్న సెలవులకు వచ్చిన మనవడు ఫోనులో ఆడే ఆటలో తాటిచెట్టంత మరమనిషి అడుగులు వేస్తుంటే, రాబోయే కాలం కథలో ఇంత బరువైన కాళ్ల యంత్రం ఎందుకు, ఎగిరే బండి చాలదా అని వాడికీ వాడి స్నేహితుడికీ వాదన వచ్చి, చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన నన్ను తీర్పు చెప్పమన్నాడు. ఆ తీర్పు తొంభైల్లోనే ఒకసారి చెప్పి ఉన్నాను.

క్యాసెట్టును ఊది ఊది పెట్టాల్సిన టీవీ వీడియోగేములు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలాంటిదొకటి విశాఖలో కొని, చోడవరం తెచ్చి చెల్లికిచ్చాను. పసితనంలోనే పోలియో వచ్చిన చెల్లి, ఇనుప కడ్డీల బూటు తొడుక్కుని, కమ్మీ పట్టుకుని, చర్చి మెట్లు ఐదూ తనంతట తానే ఎక్కి పాటల బృందంలో నిలబడేది; ఎవరైనా చెయ్యందిస్తే ఆ వారమంతా వాళ్లతో మాటల్లేవు. ఆ ఆటలోనూ ఓ మరమనిషి ఉండేది, దాని గుండెలో చిన్న మనిషి కూర్చుని నడిపేవాడు. చెల్లి శత్రువులను కాల్చేదే కాదు. ఒకే గుట్ట ఎక్కించి దించుతూ, ప్రతిసారీ ఓడిపోయేది.

ఒకరోజు నవ్వి, "కాళ్లతో నడిసే మెసిను ఎవడు సేత్తాడే, సక్రాలుండగా" అన్నాను.

"సక్రాలు మెట్లెక్కవు కదన్నయ్యా" అంది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

నేను వినిపించుకోలేదు. ఫిట్టరు బుద్ధి కదా, చెరకు ఆడటం అయిపోయి ఫ్యాక్టరీ ఆగిన రోజుల్లో పాత సైకిళ్లు విప్పి, బేరింగులు మార్చి, మూడు చక్రాల బండి చేసిచ్చి, నలుగురూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను. అన్నయ్య కష్టం వృథా కాకూడదనుకుందో ఏమో, చెల్లి బూటు విప్పి అటక మీద పెట్టించింది. ఆదివారాలు మెట్ల కింద బండిలోనే కూర్చుని, లోపలి పాటకు బయటినుంచే గొంతు కలిపేది. ఎత్తుకుని తీసుకెళ్తానంటే ఒప్పుకునేది కాదు. ఇక్కడ గాలి బాగుందిలే అనేది, నేను నమ్మాను.

ఏడాది తిరిగాక తెలివొచ్చి బూటు దింపితే, తోలు ఎండి బీటలు వారి ఉంది. కొత్తది కుట్టించినా అలవాటు తప్పిన కాలు నిలవలేదు. ఆ మరుసటేడు కామెర్లు సోకి చెల్లి పోయింది. ఎవరి చెయ్యీ పట్టని మనిషి, ఆ రోజు మా నలుగురి చేతుల మీద ఆ ఐదు మెట్లూ ఎక్కింది.

ఇప్పుడు ఆ మెట్ల పక్కనే సిమెంటు వాలుబాట పోశారు, చక్రాల బళ్లు సులువుగా లోపలికి పోతున్నాయి. మంచి పనే అని అందరితోపాటు నేనూ అంటాను, కానీ అటు చూడలేను. మనవడితో, ఆటలో ఆ మరమనిషి ఉండాల్సిందేరా అన్నాను. ఈ మాటే ఆనాడు అని ఉంటే, చెల్లి ఇంకొన్ని ఆదివారాలు లోపల నిలబడి పాడేది.