చెవులపిల్లి బిడ్డలకు నేను తల్లినయ్యాను

పెళ్లయిన కొత్తలో నేనొక సంసారాన్ని నిలువునా కూల్చేశాను. కంగారుపడకండి, మా అత్తగారి సంసారం కాదు. ఒక చెవులపిల్లిది. మీరు కుందేలు అంటారే, అదే. కూల్చడం ఒక ఎత్తు. కూలుస్తున్నంతసేపూ నా అంత పుణ్యాత్మురాలు ఈ తాలూకాలోనే లేదని పొంగిపోవడం ఇంకో ఎత్తు.

మా పుట్టిల్లు వై.ఎన్.హొసకోట. నాన్నకు టైలరింగ్ అంగడి. కాజాలు కుట్టడం తప్ప నాకు వేరే పని రాదు. అలాంటిదాన్ని బలసముద్రం పక్కన ఒక పల్లెలో, వేరుశనగ తప్ప మరో పంట ఎరగని ఇంటికి ఇచ్చారు. ఆ ఏడు వాన మొదట్లో మురిపించి, కాయ ఊరే వేళకు ముఖం చాటేసింది. నేల పెంకులా బిగుసుకుపోయింది. పీకితే చెట్టు చేతికి వచ్చేది, కాయలు భూమిలోనే ఉండిపోయేవి. వాటిని గునపాలతో తవ్వుకునేవాళ్లం. ఇంట్లో ఎవరి ముఖానా నవ్వు లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇళ్లలో కొత్తకోడలు మామగారితో మాట్లాడదు. ఆయన కనిపిస్తే తలుపు చాటుకు పోవాలి. ఏదైనా చెప్పాలంటే అత్తతో చెప్పాలి. ఆయనా అంతే. దాహమైతే పైకప్పు వైపు చూసి, "నీళ్లుంటే బాగుండు" అనేవాడు.

ఒక సాయంత్రం ఆయన చేనిగట్టున వేసిన ఉరిలో చెవులపిల్లి పడింది. ఎన్నాళ్లకో మా పొయ్యి మీద మసాలా వాసన లేచింది. రాగిముద్దతో అందరం తిన్నాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండోసారి వేయించుకున్నది నేనొక్కదాన్నే.

మర్నాడు పొద్దున చెట్లు పీకుతుంటే, సాళ్ల మధ్య చిన్న గుంటలో మూడు పిల్లలు కనిపించాయి. మట్టిరంగు బొచ్చు, తెరిచిన కళ్లు. కదల్లేదు, అరవలేదు, నన్నే చూస్తున్నాయి.

"అత్తా! రాత్రి మనం తినింది వీటమ్మనే!" అంటూ అక్కడే కూలబడ్డాను.

అత్త గునపం పడేసి వచ్చింది. "అయ్యో, పసిబిడ్డలు కదమ్మా! ఇప్పుడేం చేసేది?"

"నేను సాకుతా."

"మన ఎద్దులకే మేత లేదు. అడివి జీవాన్ని యాడ సాకుతావు?"

"తల్లిని తినినోళ్లం, పిల్లల్ని ఇడిసిపెట్టి పోతామా?"

పిల్లల్ని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. పాత గంపలో చీరముక్క పరిచాను. పక్కింట్లో మేకపాలు అడిగి తెచ్చి, దూది ఒత్తి ముంచి మూతికి పెట్టాను. తాగితే ఒట్టు! పాలు ముక్కుల్లోకి పోయి తుమ్మాయి.

మా ఆయన వంగి చూసి, "పాలు తాపుతాండావా, తలకు పోస్తాండావా?" అన్నాడు.

"ఊరుకోప్పా," అని అత్త కసిరింది. "అవి ఊపిరాడక చస్తాంటే నీకు నవ్వులాట."

నేను ఆ పూట అన్నం ముట్టలేదు. అంతటితో ఆగానా? "ఈ ఇంట్లో ఇంక మాంసం ఉడికితే నేను హొసకోటకు పోతా. ఉరి ఏసినోళ్లకు చెప్పు అత్తా," అని మామగారికి వినపడేంత గట్టిగా అన్నాను. ఆయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత చేయి కడుక్కుని, పీకిన వేరుశనగ కుప్ప మీద అడివిపందులు పడకుండా కాపలా కాయాలంటూ చేనికి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి అన్నిటికన్నా చిన్నది చచ్చిపోయి ఉంది. అరచేతిలో పెట్టుకుంటే దారపు ఉండంత బరువు కూడా లేదు. దొడ్లో గుంట తీసి పూడ్చాను. అత్త చెంబెడు నీళ్లు పోసి, నా వీపు మీద చేయి వేసి నిలబడింది. మిగిలిన రెండూ గంపలో ఒకదాన్నొకటి అంటుకుని వణుకుతున్నాయి. ఇవీ దక్కవని నాకు తెలిసిపోతోంది.

మధ్యాహ్నం మామగారు అన్నానికి కూర్చుని అత్తతో అన్నాడు.

"నిన్న మాపున చేన్లోకి ఒక చెవులపిల్లి వచ్చినాది. అదిలించినా పోదు. సాళ్లలో ఆ గుంట కాడికే మళ్లా మళ్లా వస్తాండాది."

తలుపు చాటున నేను విన్నాను. "అత్తా! మొగుడు వచ్చింటాడు, పెండ్లాం కోసరం!" అని బావురుమన్నాను.

మామగారు కంచంలోంచి తలెత్తాడు. "మొగుడా? మనం తినిందే మొగది కదా."

నా ఏడుపు సగంలో తెగింది. కొంగు కూడా సర్దుకోకుండా ఆయన ఎదుటికి వచ్చి, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఆయనతో మాట్లాడాను.

"ఆ మాట ముందే చెప్పకూడదా మామా?"

ఆయన నన్నూ, నా వెనక నోరు తెరిచిన అత్తనూ మార్చి మార్చి చూశాడు. "నన్ను ఎవురడిగినారమ్మా? నువ్వు అత్తకు చెప్తావు, అత్త నన్ను తిడతాది. ఇంక నాకు సందు యాడుండాది?"

ఎండ దిగాక గంప ఆయనే ఎత్తుకున్నాడు. పిల్లల్ని ఆ గుంటలోనే పెట్టి, కుప్ప వెనక నక్కాం.

"మనిషి వాసనకు తల్లి ముట్టుకోదేమో మామా?"

"నోరు వచ్చింది కదాని ఊరికే వాడొద్దమ్మా. సద్దు చెయ్యాకు."

పొద్దు గుంకింది. మసక వెలుతురులో రెండు చెవులు లేచాయి. అది ఆగింది, విన్నది, ఒక్కో అడుగూ వేస్తూ గుంట దగ్గరికి వచ్చింది. పిల్లలు దాని పొట్ట కిందికి దూరాయి. నేను గంటలకొద్దీ పోసి తాగించలేని పాలను అవి చప్పుడు లేకుండా తాగాయి. తర్వాత అది గుంట చుట్టూ వాసన చూస్తూ తిరిగింది. మూడోదాని కోసం. చాలాసేపు తిరిగింది. మామగారు తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు, ఆయనా నా వైపు చూడలేదు.

ఆ చీకట్లో, ఆ ఎండిన సాళ్ల మధ్య నిలబడి నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. తల్లి కంటికి కనపడనంత మాత్రాన ఏ బిడ్డనూ దిక్కులేనిదని అనను. ఎవరూ పిలవకుండా ఏ బిడ్డకూ తల్లినైపోను. కూర తిన్నాక ఏడుపు వస్తే, అది ఆడదో మొగదో పెద్దవాళ్లను అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే మొదలుపెడతాను.