నిలకడపడ్డాక రాసిన అంకె

దామోదరన్ మిల్లులో ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాడు. మిల్లు మూతపడి నెల్లితోపులో ఇంటిపట్టున ఉంటున్నా, అంకెలు చూసి రాసుకునే చాదస్తం మాత్రం పోలేదు. అందుకే భార్య మణియమ్మకు బీపీ ఉందని, రోజూ ఇంట్లోనే చూసి నోటుబుక్కులో రాసుకు రమ్మని డాక్టరమ్మ చెబితే సంబరపడ్డాడు. అది ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

తెల్లవారుజామున, ఆమె ముగ్గు వేయబోయే ముందు చేతికి బీపీ మిషను పట్టీ చుట్టేవాడు. నూట డెబ్బై, ఒక్కోనాడు నూట ఎనభై. అది రాసేవాడు కాదు. బాయిలర్‌లో కొత్తగా నిప్పు వేసినప్పుడు మీటరు ముల్లు ఎగురుతుందని, నిలకడపడ్డాకే రాయాలని మిల్లులో మేస్త్రి నేర్పాడు. సాయంత్రం కాఫీ తాగి ఆమె గడపలో చేరగిలబడ్డాక మళ్లీ చూసేవాడు. నూట ఇరవై ఎనిమిది. అది గుండ్రంగా రాసేవాడు.

"ఏమయ్యా, తెల్లారితే తల దిమ్మంటాండాది. ఎంత చూపించింది?" అనేది మణియమ్మ.

"ఇప్పుడే గదమే లేచినావు. సాయంత్రానికి అదే దిగుతాది."

"నేనేమన్నా నీ బాయిలరా?"

పాపం, నవ్వులాటకే అంది. ఆయనా నవ్వేశాడు.

మూడు నెలల పుస్తకం చూసి డాక్టరమ్మ మెచ్చుకుంది. మాత్ర సగం చాలంది. దామోదరన్ టౌన్ బస్సులో ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని గర్వంగా ఇల్లు చేరాడు.

పదిహేను రోజులకి, తెల్లారుతుండగా, మణియమ్మ సగం వేసిన ముగ్గు మీద ఒరిగిపోయింది.

"పొద్దుటి పూట ఎప్పుడూ చూడలేదా?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. చూశానన్నాడు. ఎంతుండేదో చెప్పాడు. ఆమె కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. నిద్రలో తగ్గిన బీపీ మెలకువ వేళకు ఎవరికైనా పెరుగుతుందని, ముందురోజు మాత్ర బలం అప్పటికి చాలకపోతే మరీ పెరుగుతుందని, తనకు కావలసింది ఆ అంకేనని మెల్లగా చెప్పింది.

ఇప్పుడు మణియమ్మకు కుడిచెయ్యి రాదు, మాటా రాదు. వాకిట్లో ముగ్గు లేదు. రోజూ పొద్దున్నే దామోదరన్ ఆమె ఎడమచేతికి పట్టీ చుడతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకోక ఏం చేస్తాడు? పట్టీలో గాలి నిండుతున్నంతసేపూ ఆమె ఆయన మొహం వంకే చూస్తుంది.

"నూట అరవై రెండుమే," అంటాడు ఆమె అడగకుండానే. పుస్తకం తీసి రాస్తాడు.