డాల్డా తిన్న ఎలుకలు, శెట్టి మింగిన మాత్రలు

రెండువేల ఎనిమిది ప్రాంతంలో, కడపలో ఎం.ఫార్మసీ చదువుతున్నప్పుడు, నేను వారానికోసారి డాల్డా కొనేదాన్ని. తెల్ల ఎలుకలను కాలేయానికి కొవ్వు పట్టేలా మేపాలి, తర్వాత కొన్నిటికి పాతకాలపు అలర్జీ మందు ఇచ్చి, ఆ కొవ్వు తగ్గుతుందేమో చూడాలి. అదీ నా ప్రాజెక్టు.

కాలేజీ దారిలో శెట్టి అంగడి ఉండేది. యాభై దాటిన మనిషి, కబుర్లంటే ఇష్టం. ఇంత డాల్డా ఎవరికని ఒకరోజు అడిగాడు. ఎలుకలకని చెప్పాను.

"ఎలుకల్ని చంపేకి మందు అమ్ముతాండా గానీ, మేపేకి డాల్డా అమ్మేది ఇదే మొదలు పాపా," అన్నాడు.

సంగతంతా వివరించేసరికి ఆయన నవ్వు ఆగింది. "నాకూ అదే ఉండాదంట. మొన్న స్కానింగులో లివరుకు కొవ్వు పట్టిందన్నారు. నీ మందు పేరేంది?"

పేరు చెప్పి, ఇంకా ఏమీ తేలలేదని కూడా చెప్పాను. దురదకు వేసుకునే మాత్రే కదా అని ఆయన తేలిగ్గా తలూపాడు.

మరుసటి వారం పట్టపగలు వెళ్లేసరికి, శెట్టి బియ్యం మూటకు ఆనుకుని గుర్రు పెడుతున్నాడు. గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య కూర్చుని ఉంది.

"ఎలుకల పాపవి నువ్వేనా?" అంది. "మూడు పూటలా మాత్ర మింగుతాండాడు. బేరమొచ్చినా లేయడు. లేస్తే ఆకలంటాడు. సంగటి ఎంత పెట్టినా శాలదు."

నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. నా ఎలుకలదీ అదే వరస. మందు తాగినవి అన్నిటికంటే ముందు గిన్నె ఖాళీ చేసి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి.

"ఆ మందు ఆకలి పెంచుతుంది వదినా. వెంటనే ఆపించు," అన్నాను.

"నా మాట యాడ వింటాడు? నువ్వే చెప్పు," అని ఆయన్ని కుదిపి లేపింది.

శెట్టి కళ్లు నులుముకున్నాడు. "నువ్వే కదా పాపా దాని మీద పరిశోధన చేస్తాండావు."

"పని చేస్తుందని ముందే తెలిస్తే పరిశోధన ఎందుకు, అన్నా?"

శెట్టి జేబులోని మాత్రలు తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే ఆమె ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వేపుళ్లు తగ్గించి, రోజూ నడవమన్నాడు డాక్టరు. తెల్లారగానే ఇద్దరూ దేవుని కడప గుడి దాకా నడిచేవాళ్లు. ఆమె ముందు, ఈయన ఆయాసపడుతూ వెనక.

చివరికి ఎలుకల కాలేయాలను మైక్రోస్కోపు కింద చూస్తే, మందు తాగిన ఎలుకలకూ తాగనివాటికీ తేడా కనిపించలేదు. అన్నిట్లోనూ అవే కొవ్వు చుక్కలు. మా సారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "తేడా లేదనే రాయమ్మా. అదీ ఫలితమే," అన్నారు. రెండు రోజులు దిగులుగా తిరిగి, అలాగే రాశాను. పాసయ్యాను.

నేను కడప వదిలేనాటికి శెట్టి లివరులో కొవ్వు తగ్గింది. అంగడికొచ్చిన వాళ్లందరికీ అది అలర్జీ మాత్ర మహిమేనని చెప్పేవాడు. వదిన పక్కనుంటే మాత్రం, నడక వల్లే అనేవాడు.