కాంతికి కేంద్రకం

రెండు చీలికలున్న అట్ట వైపు ఒక్కటంటే ఒక్క కాంతి కణాన్ని పంపితే, రెండో చీలిక తెరిచి ఉందో మూసి ఉందో దానికెలా తెలుస్తుంది? మా వదిన ఈ ప్రశ్న నన్నడిగి చాలా ఏళ్లయింది. చదవగలిగినంత చదివాను. జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

వదిన హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. నేను పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఆఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కాంతి మీద పాఠం రాసిమ్మని మావాళ్లు అడిగితే, ఆవిడ ఆ వేసవి సెలవులన్నీ దానికే పెట్టింది. మసిపట్టించిన గాజుపలక మీద బ్లేడుతో దగ్గరదగ్గరగా రెండు గీతలు గీకి, వాటి మీద లేజరు లైటు వేసి, పడకగది గోడ మీద ఎర్రటి చారలు పడేలా చేసింది. పట్టపగలు కూడా కర్టెన్లు తియ్యనిచ్చేది కాదు. అన్నయ్య ఆ చీకట్లో మంచం కోడు తగిలించుకుని, "ఆ చారలు చూస్తే కడుపు నిండుతుందా?" అని గొణిగేవాడు.

"నిండకపోతే వంటింటికి దారి మీకు తెలుసుగా," అనేది వదిన.

పాఠం మొత్తంలో ఆవిడకు ప్రాణం ఒక్క పేజీ. కాంతిని ఒక్కో కణంగా పంపితే తెర మీద ఒక్కో చుక్క పడుతుంది. మొదట్లో చిందరవందరగా, ఎక్కడ పడితే అక్కడ. వేలకు వేలు పడ్డాక చూస్తే ఆ చుక్కలే చారలై తేలతాయి. అది తరంగాలు చేసే పని. ఒక చీలిక మూసేస్తే ఆ చారలుండవు. పిల్లలు ఆ పేజీ దగ్గర ఆగి బుర్ర గోక్కోవాలని ఆవిడ కోరిక. ఆ పేజీ అలాగే అచ్చయితే చాలంది.

ప్రూఫులు రాగానే కబురు పెట్టాను. వదిన వచ్చి బొమ్మ చూసింది. గుండ్రటి కాంతి కణం. చుట్టూ పలచని పొర. మధ్యలో నల్లటి కేంద్రకం.

"ఏమిటండీ ఇది?"

పక్కనే ఉన్న, మా పుస్తకాలకు బొమ్మలు గీసే బొమ్మలాయన నొచ్చుకున్నాడు. "మీరే కదమ్మా కణం అని రాశారు. కణమంటే కేంద్రకం ఉండొద్దూ? పోయిన నెల జీవశాస్త్రం మాస్టారు, కేంద్రకం మరిచిపోయానని నన్ను ఉతికి ఆరేశారు."

"అది ఒంట్లో ఉండే కణం. ఇది కాంతి కణం."

"రెంటికీ ఒకే మాట పెట్టింది నేనా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేశాను.

పోనీ రేణువు అని రాద్దామంది. సిలబసులో కణం అనే ఉంది, కుదరదన్నాడు సంపాదకుడు. రెండోసారి గీసిన బొమ్మలో కేంద్రకం పోయింది గానీ, కణం బంతిలా మారి అల మీదెక్కి ఊరేగుతోంది. మూడోసారి వదినే చుక్కలు పెట్టి ఇచ్చింది. అవేవో మరకలనుకుని బొమ్మలాయన శుభ్రంగా తుడిచేశాడు.

ఇక లాభం లేదని ఇద్దరం సంపాదకుడి గదికి వెళ్లాం.

"టీచరుగారూ, తరంగమా, కణమా? ఏదో ఒకటి తేల్చండి. పరీక్షలో పిల్లాడు ఏం రాయాలి?"

"కొన్ని ప్రయోగాల్లో అలా, కొన్నింట్లో ఇలా కనిపిస్తుందండీ. ఉన్నదే రాశాను."

"ఇలా గోడ మీద పిల్లిలా ఉంటే మార్కులెలా వేస్తారమ్మా?"

"ముందు వాళ్లను ఆశ్చర్యపోనివ్వండి."

"ఆశ్చర్యానికి మార్కుల్లేవు," అని ఆయన ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు. పైన తన చేత్తోనే రాశాడు: కాంతి చిన్న చిన్న కణాలతో తయారైనది. "ఇప్పుడెవరికీ ఇబ్బంది లేదు. సంతకం పెడితే మధ్యాహ్నం అచ్చుకెళ్లిపోతుంది."

వదిన ఆ వాక్యం చదివింది. మళ్లీ చదివింది. పెన్ను తీసుకుంది. పాఠం కింద ఉన్న తన పేరు కొట్టేసి, పెన్ను మూతపెట్టి బల్ల మీదుంచింది.

"వదినా, ఉండండి, ఆటో పిలుస్తాను," అన్నాను. సంపాదకుడు టీ తెప్పించానన్నాడు. ఆవిడ చెప్పులేసుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.